పాత మెస్సీ 1035 ట్రాక్టర్ హైడ్రాలిక్ పంపు ఇంటి దగ్గరే విప్పొచ్చా?

మెస్సీ_హాలియా
మా నాన్న 1986లో కొన్న 1035. ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. బాధంతా లిఫ్టుతోనే. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు కల్టివేటర్‌ను బాగానే లేపుతుంది. రెండు గంటలు దున్ని ఆయిల్ కాగాక, చేను చివర మలుపులో లివర్ లాగితే సగం లేచి ఆగిపోతుంది. ఆ లేచింది కూడా నిలకడగా ఉండదు. గంగిరెద్దు తల ఊపినట్టు పైకీ కిందికీ ఊగుతుంది.

టౌన్లో మెకానిక్ చూసి "పంపు పోయింది. బండిని నడుమకు రెండు ముక్కలు చేస్తే గానీ బయటికి రాదు. మజూరీ 12,000, సామాను మీది" అన్నాడు. నా దగ్గర పానాల సెట్టు ఉంది, జాకీ ఉంది, బావమరిది ఉన్నాడు. ఇంటి ముందు పెద్ద వేపచెట్టు ఉంది. కొమ్మకు చైన్ పుల్లీ కట్టి మనమే విప్పుకోలేమా? ఎవరైనా చేసి చూశారా? నాట్లకు ఇంకా 20 రోజులే ఉంది.

పాలమూరు_పానా
ముందు ఒక్క మాట. పీటీఓ (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) లివర్ వేసి ఉందా?

మెస్సీ_హాలియా
ఉందన్నా. చల్లగా ఉన్నప్పుడు లేస్తోంది అని రాశాను కదా.

పాలమూరు_పానా
కోపం వద్దు తమ్మీ, అడగడం అలవాటు. ఈ బండిలో పంపును తిప్పేది పీటీఓ షాఫ్టే. ఆ లివర్ న్యూట్రల్లో ఉంటే ఇంజను ఎంత అరిచినా పంపు కదలదు. మా వైపు ఒకాయన లిఫ్ట్ లేవడం లేదని ఆయిల్ మార్పించాడు, మెకానిక్‌ను పిలిపించాడు, మూత బోల్టులు కూడా సగం విప్పించాడు. తర్వాత చూస్తే పిల్లలు బండెక్కి ఆడుకుంటూ లివర్ లాగేశారు.

రేగడి_అలంపూర్
ఆ ఒకాయన నువ్వే కదా అన్నా.

పాలమూరు_పానా
ఇయ్యాల జడ్చర్లలో మబ్బు బాగా పట్టింది.

రెండెకరాల_దొర
12,000కు కక్కుర్తిపడి బావమరిది వేళ్లు పోగొట్టకు. తర్వాత ఇంట్లో అన్నం దొరకదు.

కాకా_దేవరకొండ
ముక్కలు చేయాల్సిన పని లేదు. క్లచ్ ప్లేట్లు మార్చాలంటే బండిని నడుమకు విడదీస్తారు. పంపుకు అక్కర్లేదు. సీటు కింద పెద్ద ఇనుప మూత ఉంటుంది చూడు, లిఫ్ట్ చేతులు దేనికి ఉన్నాయో అదే. దాన్ని లేపితే లోపల అడుగున పంపు కనిపిస్తుంది. వెనక నుంచి పీటీఓ షాఫ్టు లాగేసి, రెండు పక్కలా ఉన్న చిన్న మూతలు విప్పి, పంపును పట్టి ఉంచే పిన్నులు తీస్తే పంపు పైనుంచే బయటికి వస్తుంది. నేను మూడు బండ్లకు తీశాను.

కానీ నువ్వు భయపడాల్సింది పంపుకు కాదు, మూతకు. మూత, దాని కింద సిలిండరు, పక్కన చేతులు, అన్నీ కలిపి వడ్ల బస్తాకు తక్కువ తూగదు. వడ్ల బస్తా జారితే మెత్తగా పడుతుంది. ఇది జారితే అంచు కింద ఏది దొరికితే అది తెగుతుంది. ఇద్దరం చెరో పక్క పట్టి లేపుదాం అనుకోవద్దు. నిలబడడానికి చోటే ఉండదు. ఒకరు మడ్‌గార్డు పక్కన, ఒకరు వెనక డ్రాబార్ మీద నిలబడి వంగి లేపాలి. మొదటిసారి నేను అట్లనే చేశాను. అప్పుడు పట్టిన నడుము ముసురు పట్టినప్పుడల్లా ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

బండిని బండలు వేసిన చోటో సిమెంటు చేసిన చోటో మట్టంగా పెట్టు. నాలుగు చక్రాలకూ ముందూ వెనకా మొద్దులు. హ్యాండ్ బ్రేకును నమ్ముకోకు. వెనక ఏ పనిముట్టూ తగిలించి ఉండొద్దు. ఇంజను ఆపి, లివర్‌ను పూర్తిగా కిందికి దించి, లిఫ్ట్ చేతులు వాలిపోయేదాకా ఆగు. చేతులు ఇంకా పైన ఉన్నాయంటే సిలిండర్లో ప్రెజర్ ఉన్నట్టే. అప్పుడు ఒక్క బోల్టు కూడా ముట్టొద్దు. బ్యాటరీ వైరు పీకెయ్. తర్వాత ఆయిల్ దించు. గేర్లకూ, హైడ్రాలిక్‌కూ, వెనక ఇరుసుకూ అంతా ఒకటే ఆయిల్, 30 లీటర్లకు పైనే వస్తుంది. ఒక్క బకెట్ పెట్టుకుని కూర్చుంటే వాకిలంతా నూనె అయి, ఆ నూనె మీద నువ్వే జారి పడతావు.

వీడియో_చూసి_నేర్చుకో
కాకా చెప్పింది తప్పు. ఇంగ్లీషోళ్ల వీడియో చూశాను. ట్రాక్టర్ కింద పడుకుని అడుగు ప్లేటు విప్పితే పంపు ప్లేటుతో సహా కిందికే దిగుతుంది. పైమూత ముట్టుకోలేదు.

కాకా_దేవరకొండ
ఏ బండి అది?

వీడియో_చూసి_నేర్చుకో
బూడిద రంగుది. ఫెర్గూసనే.

పాత_ఇనుము
ఇద్దరూ కరెక్టే, బండ్లు వేరు. బూడిద రంగుది టీఈ20 మోడల్. 1946 నుంచి ఇంగ్లండులోని కొవెంట్రీలో తయారైంది. దానికి పంపు అడుగు నుంచే దిగుతుంది. ఆ తర్వాత వచ్చిన 35 మోడల్లో పంపును మార్చేశారు. నాలుగు పిస్టన్ల పంపు, పైనుంచి తీయాలి. మన 1035 ఆ 35 వంశమే. 1960లో మద్రాసులో టాఫే అనే ట్రాక్టర్ల కంపెనీ మొదలైంది కదా, మెస్సీ ఫెర్గూసన్‌తో కలిసి. మన ఊళ్లలో తిరిగే ఎర్ర మెస్సీలు ఆ కంపెనీవే.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1958 జనవరిలో దక్షిణ ధ్రువం దాకా పోయింది ఈ బూడిద రంగు ఫెర్గూసన్ల మీదే. చక్రాలకు పట్టాలు తొడిగి మంచులో నడిపారు.

రేగడి_అలంపూర్
ధ్రువం దాకా పోయిందట. నాది అలంపూర్ రేగడిలో వాన పడ్డ తెల్లారి గట్టు దిగదు.

పాలమూరు_పానా
అక్కడ ఆయిల్ కాగదు కదా, అందుకే పోయింది.

వీడియో_చూసి_నేర్చుకో
సరే, ఒప్పుకున్నా. హాలియా అన్నా, నా మాట విని అడుగు బోల్టులు విప్పలేదు కదా?

మెస్సీ_హాలియా
లేదు తమ్మీ. ఇంకా పానా కూడా తీయలేదు, ఇక్కడే చదువుతున్నా.

గ్యారేజీ_సూర్యాపేట
నేను మెకానిక్‌ను. ముక్కలు చేయాలన్న మెకానిక్‌ను అందరూ దొంగను చేయొద్దు. క్లచ్ కూడా పోయే దశలో ఉంటే ఒకేసారి చేద్దామని చెప్పి ఉండొచ్చు. పంపు ఒక్కదానికే అయితే మాత్రం కాకా మాటే కరెక్టు.

కానీ నా గొడవ వేరు. పంపు పోయిందని ఎవరు తేల్చారు? ఆయిల్ కాగాక బలం తగ్గడం, లిఫ్ట్ ఊగడం, ఈ రెండిటికీ పంపు ఒక్కటే కారణం కాదు. పంపు నుంచి పైమూతలోని సిలిండరుకు ఆయిల్ మోసే నిలువు పైపు ఒకటి ఉంటుంది. దాని రెండు చివర్లా ఓ-రింగులు (ఆయిల్ కారకుండా వేసే రబ్బరు రింగులు) ఉంటాయి. అవి తెగితే పంపు కొట్టిన ఆయిల్ సగం లోపలే కారిపోతుంది. సిలిండర్లో పిస్టన్ రింగులు అరిగినా ఇదే కథ. కాగితే నూనె పలచబడుతుంది, కారుడు పెరుగుతుంది. పంపు లోపలి వాల్వులు పోయినా అదే వరస. బయటి నుంచి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

పరీక్ష చాలా సులువు. డిప్‌స్టిక్ ఉన్న పక్క మూత మట్టానికి దిగేదాకా కాస్త ఆయిల్ తీసి ఆ మూత విప్పు. కల్టివేటర్ తగిలించి, ఇంజను స్టార్ట్ చేయించి, లివర్ లేపించి, టార్చి వేసి లోపలికి చూడు. ఎక్కడి నుంచి ఆయిల్ చిమ్ముతోందో కళ్లకు కనపడుతుంది. చూపు వరకే. చెయ్యి గానీ చొక్కా కొంగు గానీ లోపలికి పోవద్దు, లోపల షాఫ్టు తిరుగుతుంటుంది. లేచి ఉన్న కల్టివేటర్ కిందికి ఎవరూ రావొద్దు.

కల్వకుర్తి_చల్క
ముందు ఆయిల్ రంగు చూడమను. డిప్‌స్టిక్ తీస్తే ఎలా ఉంది?

మెస్సీ_హాలియా
ఇప్పుడే చూశా. పాలు ఎక్కువైన టీ లాగా ఉంది.

కల్వకుర్తి_చల్క
దొరికింది దొంగ. నీళ్లు కలిశాయి. హాలియా అంటే కాలువ కింద వరి. ఇనుప చక్రాలు వేసి దమ్ము చేస్తావు కదా?

మెస్సీ_హాలియా
ఏటా రెండు పంటలకూ. మనవే 6 ఎకరాలు, కిరాయికి ఇంకో 30 దాకా.

కల్వకుర్తి_చల్క
మరి ఇంకేం. బురదలో ఇరుసు దాకా దిగుతుంది. పీటీఓ వెనక సీలు, ఇరుసు సీళ్లు ముసలివైతే నీళ్లు మెల్లగా లోపలికి పోతాయి. ఒకటే ఆయిల్ కాబట్టి గేర్లు తాగిన నీళ్లే పంపూ తాగుతుంది. పంపు ఎంత మంచిది వేసినా ఆ సీలు మార్చకపోతే వచ్చే ఏడు మళ్లీ ఇక్కడే పోస్టు పెడతావు.

సాగర్_అక్క
ఆయిల్ చిమ్మడం గురించి సూర్యాపేట అన్న చెప్పాడు కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. మూడేళ్ల కింద మా ఆయన ట్రాలీ లేపుతుంటే హైడ్రాలిక్ పైపు దగ్గర సన్నగా పొగలాగా ఆయిల్ వస్తోంది. రంధ్రం ఎక్కడుందో చూద్దామని పైపు వెంట వేలితో తడిమాడు. చురుక్కుమంది. చూస్తే ముల్లు గుచ్చుకున్నంత చుక్క, రక్తం కూడా రాలేదు. తుడుచుకుని పని చేసుకున్నాడు. పొద్దుగూకేసరికి వేలు తెల్లబడి వాచింది, రాత్రికి అరచెయ్యి బిగుసుకుపోయింది. ఇక్కడ టీటీ ఇంజెక్షన్ చేసి పంపారు. తెల్లారి హైదరాబాద్ తీసుకుపోతే డాక్టరు చూసి నిన్ననే రావాల్సింది అన్నాడు. వేలు మొదలుకొని అరచెయ్యి దాకా కోసి లోపల ఉన్న నూనె కడిగారు. వేలు నిలిచింది గానీ పూర్తిగా మడవరాదు.

ఆ పైపులో ఉండే ప్రెజరుకు ఆయిల్ సూదిలాగా చర్మంలోకి దిగుతుందట. నొప్పి లేదని ఊరుకోవద్దు. అనుమానం ఉంటే అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి, చెయ్యి పెట్టొద్దు.

గ్యారేజీ_సూర్యాపేట
అక్క చెప్పింది అందరూ రెండుసార్లు చదవండి. మా షెడ్డులో కొత్త పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. ఈ బండ్లలో ప్రెజరు 2,000 పీఎస్ఐకి పైమాటే. బండి వెనక టైర్లో మనం కొట్టే గాలి 30 కూడా దాటదు. తేడా అర్థం చేసుకోండి.

మెస్సీ_హాలియా
అక్కా, ఇప్పుడు అన్నకు ఎలా ఉంది?

సాగర్_అక్క
దున్నుతాడు, తింటాడు, ఫోన్ చూస్తాడు. బోల్టులు విప్పేది మాత్రం నేనే.

రెండెకరాల_దొర
వేపచెట్టు సంగతి ఎవరూ మాట్లాడరేం? వేపకొమ్మ గట్టిదే. మా తాత ఆ కొమ్మకు ఉయ్యాల కట్టాడు, మా నాన్న కట్టాడు, నేను కట్టాను.

బోరు_మోటార్_మునుగోడు
ఉయ్యాలలో మీ తాత కూర్చున్నాడా, ఇనుప మూత కూర్చుందా? 2019లో ఇంజను దించడానికి మేమూ వేపకొమ్మనే నమ్ముకున్నాం. తొడ లావు కొమ్మ, ఆకు పచ్చగా ఉంది. సగం ఎత్తాక టప్పుమని ఒక చప్పుడు, అంతే. విరిగిన చోట చూస్తే లోపల అంతా చెద, నోట్లో వేసుకుంటే కరిగేలా ఉంది. ఇంజను బండి మీదే పడింది కాబట్టి బతికాం. పక్కకు ఊగి ఉంటే ఈ పోస్టు రాయడానికి నేను ఉండను.

చెట్టుకు ఇంకో తిక్క ఉంది. కొమ్మ సరిగ్గా మూత నడినెత్తిన ఉండదు. మూడు జానలు అటో ఇటో ఉంటుంది. బోల్టులు విడగానే మూత లోలకంలాగా అటు ఊగుతుంది.

నల్గొండ జిల్లాలో పుట్టి చెట్టు ఎందుకు వెతుక్కుంటారో నాకు తెలియదు. ఊరికి ఇద్దరు బోరు మోటార్లు ఎత్తేవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గర మూడు కాళ్ల స్టాండు, టన్ను చైన్ పుల్లీ ఉంటాయి. 400 అడుగుల పైపులు, మోటారు కలిపి ఎత్తే స్టాండుకు ఈ మూత ఒక లెక్కా? కాళ్లు బండికి అటూ ఇటూ దూరంగా వేసి, జారకుండా కాళ్లకు గుంతలు తీసి, మూడు కాళ్లనూ గొలుసుతో కట్టాలి. హాలియా నాకు దూరమేం కాదు. కావాలంటే నాది పట్టుకుపో.

పాలమూరు_పానా
చూశారా, బోర్లు ఎండితేనేం, స్టాండు ఉపయోగపడుతోంది.

బోరు_మోటార్_మునుగోడు
ఎండలేదన్నా. ఈ సారి వానలకు నీళ్లు పైకొచ్చాయి. ఎత్తే పనే తక్కువైంది, అందుకే ఖాళీగా ఉంది.

రెండెకరాల_దొర
నైలాన్ తాడు చాలదా? గొలుసే కావాలా?

కాకా_దేవరకొండ
నైలాన్ తాడు సాగుతుంది, ఆయిల్ తగిలితే ముడి జారుతుంది, మూత అంచుకు ఒరుసుకుంటే తెగుతుంది. గొలుసు వాడు. రెండు చోట్ల కడితే మూత ఒరుగుతుంది. చేతులు ఉన్న వెనక వైపు బరువెక్కువ. సీటు బిగించే బోల్టుల దగ్గర, చేతుల దగ్గర, నాలుగు చోట్ల పట్టేలా కట్టు. ముందు కాస్త బిగిసేదాకా మాత్రమే లాగు. బోల్టులన్నీ విప్పామని ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టాకే పైకి లాగు.

మూత లేపేముందు పైన ఉన్న చిన్న టోపీ విప్పి ఆ నిలువు పైపును లాగెయ్. మరిచిపోయి మూత ఎత్తితే పైపు వంకరపోతుంది.

(నాలుగు రోజుల తర్వాత)

మెస్సీ_హాలియా
సూర్యాపేట అన్న చెప్పిన పరీక్ష చేశాం. బావమరిది సీటు మీద, నేను టార్చితో పక్క మూత దగ్గర. లివర్ లేపగానే నిలువు పైపు కింది చివర ఆయిల్ గొడుగు విప్పినట్టు చిమ్మింది. పంపు ఒంటి మీద కూడా ఒక చోట సన్నగా కారుతున్నట్టు అనిపించింది గానీ ఆ గొడుగు ముందు అది సరిగా కనబడలేదు.

ముందు చిన్న పనే చేద్దామని టోపీ విప్పి పైపు తీశా. కింది ఓ-రింగు రెండు ముక్కలు. రెండు రింగులు కలిపి 60 రూపాయలు. వేసి చూస్తే ఊగడం ఆగిపోయింది! ఇద్దరం టీ తాగి, అంతా అయిపోయిందని అందరికీ ఫోన్ చేసి చెప్పాం. మర్నాడు రెండు గంటలు దున్నాక మళ్లీ సగంలో ఆగింది. కాబట్టి పంపు తీయక తప్పేలా లేదు. మునుగోడు అన్నా, స్టాండుకు వస్తున్నా.

గ్యారేజీ_సూర్యాపేట
60 రూపాయలతో సగం రోగం పోయింది, అది కూడా లాభమే. ఇప్పుడు తీయొచ్చు. పంపు పిన్నులు లాగేముందు పంపుకు గట్టి తీగ కట్టి పైన ఎవరితోనైనా పట్టించు. పిన్ను రాగానే పంపు అడుగున కూలబడుతుంది, అప్పుడు వేళ్లు కింద ఉన్నాయంటే అంతే. పంపు బయటికి వచ్చాక గుంతను శుభ్రమైన గుడ్డతో కప్పు. వాషరు గానీ నట్టు గానీ లోపల పడితే గేర్ల మధ్యకు పోతుంది.

పాలమూరు_పానా
డీజిల్‌తో కడిగేటప్పుడు బీడీ తాగే బావమరిదిని బజారుకు పంపు.

మెస్సీ_హాలియా
నా బావమరిది బీడీ తాగడు, ఖైనీ.

పాలమూరు_పానా
అయితే ఉండనీ.

(ఇంకో వారానికి)

మెస్సీ_హాలియా
పంపు బయటికి వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్తా, కాకా తిట్టినా పర్వాలేదు.

పొద్దున 7కు మొదలుపెట్టాం. మొద్దులు, బ్యాటరీ, చేతులు దించడం అన్నీ కాకా చెప్పినట్టే. ఆయిల్ రెండు డ్రమ్ములకు వచ్చింది. మొదట ఒక లీటరు దాకా నీళ్లే వచ్చాయి, తర్వాత టీ. సీటు తీసి, టోపీ విప్పి, నిలువు పైపు లాగి, మూత చుట్టూ బోల్టులు విప్పాం. నేను లెక్కపెట్టాను, బావమరిది లెక్కపెట్టాడు, ఇద్దరి లెక్కా కలిసింది. గొలుసు నాలుగు చోట్ల కట్టి పుల్లీ లాగాం. గొలుసు బిగిసింది. ఇంకో నాలుగు లాగులు లాగాం. మూత కదల్లేదు. ప్యాకింగ్ అంటుకుపోయి ఉంటుంది అనుకుని ఇంకో రెండు లాగా. అప్పుడు బావమరిది "బావా, టైరు చూడు" అన్నాడు. వెనక టైర్లు ఊపిరి పీల్చుకున్నట్టు కింద ఉబ్బు తగ్గి గుండ్రంగా అవుతున్నాయి. అంటే మూత కాదు, బండే లేస్తోంది! గొలుసు వదిలేసి చూస్తే, ఒక మూల ఏళ్ల తరబడి గ్రీజు, మట్టి గడ్డ కట్టిన చోట ఒక నట్టు. ఇద్దరం లెక్క తప్పలేదు, ఇద్దరికీ అది కనపడలేదు.

ఆ నట్టు విప్పాక మూత ఒక పక్కకే లేచింది. చెక్క సుత్తెతో రెండో పక్క కొడుతుంటే టక్కున విడిపోయి గొలుసు మీద ఊగింది. బావమరిది ఆపుదామని మూతకూ బండికీ మధ్య చెయ్యి పెట్టబోయాడు. నేను అరిచిన అరుపుకు పక్కింటి పెద్దమ్మ బయటికి వచ్చింది. చెయ్యి తీశాడు. తర్వాత నుంచి సందులో చెక్క ముక్కలు పెడుతూ కొంచెం కొంచెంగా లేపాం. ఒక జాన లేచాక చెక్క, ఇంకో జాన లేచాక ఇంకో చెక్క. మూతను వెనక పక్కకు తిప్పి మొద్దుల మీద దించేసరికి 11 అయింది. ఎత్తి ఉంచి దాని కింద పని చేయలేదు, నేల మీద పెట్టాకే పంపు దగ్గరికి పోయాం.

పీటీఓ షాఫ్టు సులువుగానే వచ్చింది. దాని సీలు చేతిలోకి తీసుకుంటే పొట్టు రాలినట్టు రాలింది. చల్క అన్నకు దండం. పంపుకు తీగ కట్టి నేను పట్టుకున్నా, వాడు పిన్నులు లాగాడు. పంపు చూడ్డానికి కుక్క పిల్లంత ఉంటుంది. ఒంటి చేత్తో లేపబోతే మణికట్టు పట్టేసింది. ఇనుము ఇనుమే.

కాకా_దేవరకొండ
ఎందుకు తిడతా? బండి లేస్తోందని చూసిన ఆ పిల్లగాడికి నా తరఫున చికెన్ పెట్టు. చెయ్యి పెట్టబోయినందుకు రెండు ముక్కలు తగ్గించు.

సాగర్_అక్క
అరిచి మంచి పని చేశావు తమ్ముడూ.

గ్యారేజీ_సూర్యాపేట
లోపల ఏం కనపడింది?

మెస్సీ_హాలియా
రెండు పిస్టన్ల మీద గోటితో తడిమితే తెలిసే గీతలు. వాల్వు మీద తుప్పు చుక్కలు. ఒక చోట ప్యాకింగ్ తెగి ఉంది, ఆ రోజు నాకు సన్నగా కనపడిన కారుడు అదే అనుకుంటా. పంపులు బాగుచేసే షాపులో ఇచ్చాను, కిట్టు వేసి మూడు రోజుల్లో ఇస్తానన్నాడు. ఆయిల్ మాత్రం పంపు కంటే ఎక్కువ అయ్యేలా ఉంది.

రేగడి_అలంపూర్
ఆయిల్ దగ్గర పిసినారితనం వద్దు. ఇంజనాయిల్ మిగిలింది కదా అని పోస్తారు కొందరు. డబ్బా మీద ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్, హైడ్రాలిక్ రెండిటికీ అని ఉన్నదే పోయి. మొదటి ఆయిల్ పోసేముందు లోపల డీజిల్‌తో కడిగి, తుడిచి, ఆరనివ్వు. నీళ్ల జాడ ఉండొద్దు.

కాకా_దేవరకొండ
మూత దించేటప్పుడు ఇద్దరు చాలరు, ముగ్గురు కావాలి. ఒకరు పుల్లీ దగ్గర, ఒకరు మూత దగ్గర, ఒకరు పక్క మూత రంధ్రంలోంచి టార్చితో చూస్తూ. పైమూత నుంచి వచ్చే లివర్ పంపు దగ్గర దాని చోట కూర్చోవాలి. అది పక్కకు పడితే లిఫ్ట్ నీ మాట వినదు. వేళ్లు కాదు, పొడుగు స్క్రూడ్రైవర్‌తో సర్దు. ప్యాకింగ్ కొత్తది వెయ్.

(మరో ఐదు రోజులకు)

మెస్సీ_హాలియా
బిగించేశాం. మొదటిసారి కాకా భయపడ్డదే జరిగింది. స్టార్ట్ చేయగానే చేతులు వాటంతట అవే పైకి లేచి, లివర్ దించినా దిగలేదు. పక్క మూత విప్పి చూస్తే లోపలి లివర్ చోటు తప్పింది. ఇంజను ఆపి, చేతుల కింద మొద్దులు పెట్టి, పొడుగు స్క్రూడ్రైవర్‌తో నెట్టి కూర్చోబెట్టాం. మూత మళ్లీ తీయాల్సిన పని పడలేదు.

నిన్న 4 గంటలు దున్నాను. మధ్యాహ్నం ఎండలో, ఆయిల్ బాగా కాగాక, చేను చివర కావాలనే ఆపి లివర్ లాగా. కల్టివేటర్ ఒక్క ఊపులో లేచి కదలకుండా నిలబడింది. ఇంజను ఆపి ఇంటికి పోయి అన్నం తిని వచ్చా. అప్పటికి బెత్తెడు దిగి ఉంది, అంతే.

రెండెకరాల_దొర
అంటే తినేంతసేపూ దాన్ని గాల్లోనే వదిలేశావా? పిల్లలు ఆ కిందికి పోతే?

మెస్సీ_హాలియా
నిజమే దొరా. చేనులో ఎవరూ లేరని వదిలాను. ఇక దించే పోతా.

గ్యారేజీ_సూర్యాపేట
దమ్ము మొదలైన పది రోజులకు డిప్‌స్టిక్ తీసి రంగు చూసి ఇక్కడ చెప్పు. టీ కనపడితే ఇరుసు సీళ్లు కూడా మార్చాలి.

బోరు_మోటార్_మునుగోడు
అంతా బాగుంది గానీ తమ్మీ, స్టాండు ఎప్పుడు తెస్తావు? మా ఊళ్లో ఒకాయన మోటారు నిన్న కాలింది. రెండు రోజుల నుంచి వేపచెట్టు వైపు చూస్తున్నాడు.

మెస్సీ_హాలియా
పొద్దున 6కు ట్రాలీలో వేసుకుని బయల్దేరుతున్నా అన్నా. ఆయన్ని చెట్టు దగ్గరికి పోనివ్వకు.